అరిచేవాళ్ళకి ఊపిరుంది

శేషారత్నం వంటింటి గడప దాటగానే కాళ్ళ కింద హైవే, దాని మీద పక్కకి ఒరిగిపోయిన బస్సు, రోడ్డంతా అద్దం ముక్కలూ తెగిన చెప్పులూ, వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆమె మొగుడు కోటిలింగం. పోయినేడు గుండె ఆగి చనిపోయినవాడు, అంబులెన్సులో పనిచేసినప్పటి ఆ నీలం చొక్కాతోనే ఉన్నాడు. చచ్చినా డ్యూటీ దిగలేదు మహానుభావుడు.

అతని రెండు అరచేతుల మధ్య ఎవరో ఆడమనిషి తల ఉంది. మెడ కదిలితే ప్రమాదమని అలా పట్టుకుంటారు, ఆ సంగతి రత్నానికి తెలుసు, తెలిసినా కడుపు మండిపోతోంది. "కళ్ళు మూయకు తల్లీ, ఇటు చూడు, నీ పేరేంటో చెప్పమ్మా" అంటున్నాడు, ఎంతో మెత్తగా. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు ఒక్కరోజైనా ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు.

"ఏమయ్యా! నేనిక్కడ పడున్నా, కనపడలా?" అని అరుస్తుంది. నిజంగానే ఆమె రోడ్డు మీద పడి ఉంది, కాలు విరిగి ఉంది, ఎప్పుడు విరిగిందో తెలియదు.

అతను తల తిప్పడు. "అరిచేవాళ్ళకి ఊపిరుంది రత్నం. అరవనోళ్ళని ముందు చూడాలి."

"అందుకేనా, ఇంట్లో నేనెంత మొత్తుకున్నా పలికేవాడివి కాదు?"

"నీ కేకలు వినపడతా ఉంటే నాకు ధైర్యంగా ఉండేదే."

ధైర్యమంట! అడగందే అమ్మైనా పెట్టదంటారు, గొంతు చించుకుని అడిగినా పెట్టని మొగుడు దొరికాడు తనకి. సరే, అరవకపోతేనే కదా వచ్చేది. రత్నం నోరు బిగించేస్తుంది.

అంతే, బస్సూ రోడ్డూ ఆ ఆడమనిషీ అన్నీ పలచబడిపోతాయి, అతను పరుగున వచ్చి ఆమె ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటాడు, తలని రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. పైనుంచి వంగి తలకిందులుగా కనిపిస్తున్న ఆ ముఖం నిండా కంగారు, తన కోసం, అచ్చంగా తన కోసమే. "రత్నం, పలకవే, నీ పేరు చెప్పవే" అని బతిమాలుతున్నాడు. ఆమె పలకదు. పలికితే లేచి ఇంకొకత్తె దగ్గరికి పోతాడు. అడుగు, ఇంకా అడుగు, అనుకుంటుంది.

ఉన్నట్టుండి ఆ చేతులు సడలుతాయి. "నీకేం ఫర్వాలేదులే" అని నవ్వి లేచిపోతున్నాడు. అదేంటి, తను నోరే విప్పలేదే!

తలుపు దబదబా మోగుతోంది. మధ్యాహ్నపు ఎండ చాప మీదికి వచ్చేసింది. రత్నం లేచి తలుపు తీస్తే పక్కింటి పార్వతమ్మ, ఆయాసపడుతూ.

"ఏంది వదినా, పట్టపగలు ఆ కేకలు? 'ఏమయ్యా, ఏమయ్యా' అని ఒకటే అరుపు, వీధి చివరిదాకా వినపడతంది!"