గీత దాటిన రంగు

కంటి ఎరుపు పోయింది, గోడమీది అక్షరాలన్నీ చదివాను. అయినా తిరుపతి కంటి డాక్టరు నన్ను వదల్లేదు. చేతి నరంలోకి పచ్చటి మందెక్కించి, గడ్డం యంత్రానికి ఆనించి, నుదుటికి పట్టీ బిగించి ఫొటోలు తీశాడు.

"లోపల వాపు అట్లే ఉండాదమ్మా. ఎక్కించిన మందు కంటి నరాల్లోంచి కారతా ఉండాది," అని కంప్యూటరు నావైపు తిప్పాడు. నలుపు తెలుపు ఫొటోలో నరాల గీతలు దాటి తెల్లటి మరకలు కనిపించాయి.

కాళహస్తిలో కలంకారీ వేసే మనిషిని, నాకు విడమరచి చెప్పనక్కర్లేదు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో సరిగా నానబెట్టకపోతే రంగు ఇట్లాగే గీత దాటి పాకుతుంది. పాకిన రంగును వెనక్కి లాగడం ఎవరి వల్లా కాదు.

"అట్టాంటి బట్టను మేము మూలన పారేసి కొత్తది పరస్తాము సార్. దీన్నేం చేసేది?" అన్నాను.

డాక్టరు నా నుదుటి పట్టీ మళ్ళీ బిగించాడు. "రెండో కన్ను పెట్టమ్మా. కదలొద్దు," అన్నాడు.