యాకోబుగారికి మొక్కిన జుట్టు

విమానం డబ్లిన్ నేల విడిచి, ఇక దిగిపోవడానికి వీల్లేదని రూఢి అయ్యాక, విజయరాణి మాస్కు సర్దుకుని అసలు సంగతి బయటపెట్టింది. స్పెయిన్‌లో ఏసుప్రభువు శిష్యుడు పునీత యాకోబుగారి గుడికి కాలినడకన వస్తానని ఆమె మొక్కుకున్నట్టు మాత్రమే ఇన్నాళ్ళూ మొగుడు టైటస్‌కి తెలుసు. ఆ మొక్కులో ఇంకో సగం ఉందట. గుడి చేరేలోపు టైటస్ గుండు చేయించుకోవాలట.

టైటస్ చెయ్యి గబుక్కున జుట్టు మీదకి పోయింది. అతనిది మామూలు జుట్టా? కిందటేడు ఏప్రిల్లో కరోనా పట్టుకుని, విజయరాణి నర్సుగా పనిచేసే బోమాంట్ ఆస్పత్రిలోనే గొట్టాల మధ్య పడుకుని లేచిన మనిషి. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఉన్న జుట్టంతా దువ్వెనకే ఊడొచ్చింది. తర్వాత ఏ మహిమో గాని నల్లగా, ఒత్తుగా, పెళ్ళినాటి కన్నా బాగా మొలిచింది. లాక్‌డౌన్‌లో సెలూన్లు మూసేశారు గనక మెడ దాకా దిగింది. అతను పనిచేసే నర్సింగ్ హోంలో ముసలమ్మలు 'యు లుక్ గ్రాండ్, టైటస్' అంటుంటే అయ్యగారి కాళ్ళు నేల మీద ఆనేవి కావు. డబ్లిన్ పక్కన వాళ్ళుండే క్లోనీలో తెలుగువాళ్ళ పిల్లలు రాక్‌స్టార్ అంకుల్ అని వెక్కిరిస్తే అదీ మెప్పే అనుకున్నాడు.

"నా జుట్టు మొక్కడానికి నువ్వెవరు?" అని అడిగాడు.

పెళ్ళాన్ని, అంది విజయరాణి.

గుంటూరు వైపు వీళ్ళ ఇళ్ళల్లో మొక్కంటే గుణదల మేరీమాతకే. తలనీలాలైనా, కొబ్బరికాయైనా అక్కడే. కానీ ఆ కరోనా రోజుల్లో ఇండియాకి విమానాలెక్కడివి? విజయరాణితో వార్డులో పనిచేసే ఐరిష్ నర్సొకావిడ యాకోబుగారి దారి నడిచొచ్చిన మనిషి. ఆవిడ చెప్పింది విని మొక్కును ఇటు మళ్ళించింది. మాతకి కోపం రాదా అంటే, యాకోబుగారు ఆమె కొడుకు స్నేహితుడేగా, ఇంట్లో మనిషే, అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

కొరున్యా రేవు నుంచి నడక మొదలుపెట్టారు. జనం తోసుకుంటూ పోయే పెద్ద దారి కాదిది. పూర్వం ఐర్లండు వాళ్ళు ఓడ దిగి నడిచిన చిన్న దారి, దోవలో ఓ నలుగురు ఎదురైతే గొప్ప. నీలగిరి చెట్లు, మొక్కజొన్న చేలు, రాతి కాళ్ళ మీద నిలబెట్టిన గాదెలు, దారి చూపడానికి గోడల మీద పసుపు బాణాలు. ఇంత అందం మధ్య టైటస్ మూతి ముడుచుకుని పెళ్ళానికి నాలుగు బారలు ముందే నడిచాడు. సెలూన్ బోర్డు కనపడిందా, టోపీ చెవుల దాకా లాక్కుని జోరు పెంచేవాడు. అతని అదృష్టం కొద్దీ ఆ దేశంలో మధ్యాహ్నమైతే కొట్లన్నీ మూసేసి పడుకుంటారు. మొక్కు ఎగ్గొడితే తను మళ్ళీ మంచాన పడతాడేమోనని ఆమె హడలిపోతోందని అతనికి తెలుసు. తెలిసినా సరే, ఈ జుట్టు పోతే మళ్ళీ ఆ రోగిష్టి మొహమే అద్దంలో కనపడుతుందని అతని భయం అతనిది.

మర్నాడు గుడి చేరతారనగా ఒక చిన్న ఊళ్ళో సెలూన్ తెరిచే ఉంది. విజయరాణి గుమ్మం ముందు ఆగిపోయింది. టైటస్ ఎదురుగా ఉన్న బల్ల మీద కూలబడ్డాడు.

"అంత భక్తి ఉంటే నీ జుట్టే మొక్కుకోవచ్చుగా?"

ఆమె వచ్చి పక్కన కూచుంది. "మొదట నాదే అనుకున్నానండీ. మీరు పైన, నేను కింద వార్డులో డ్యూటీ. చూడనివ్వలేదు. ఫోన్‌లో డాక్టర్ మాట తీరు చూస్తే నాకర్థమైపోయింది. నా జుట్టయితే మీరున్నా లేకపోయినా నేనొక్కదాన్నే వచ్చి ఇచ్చేయొచ్చు. మీదైతే, ఇవ్వడానికి మీరు బతికి రావాలి గదా."

దీనికా ఇన్నాళ్ళూ అలిగాను అని టైటస్‌కి సిగ్గేసింది. పెళ్ళాం మీద ప్రేమ ముంచుకొచ్చింది గాని, నడివీధిలో ఏం చెయ్యాలో తోచక లేచి సెలూన్‌లోకి నడిచాడు.

సెలూన్ పెద్దాయన ఆ జుట్టును చేత్తో ఎత్తి చూసి, మాస్కు వెనకాల అయ్యోపాపమన్నట్టు ఏదో గొణిగాడు. టైటస్ నుదుటి నుంచి మెడ దాకా అరచేత్తో గీసి చూపించాడు. ఆయన నమ్మలేక మళ్ళీ మళ్ళీ అడిగాడు. మొదటి పాయ కిందపడగానే, ఎందరి చావులు చూసినా డ్యూటీలో కన్నీరు పెట్టని విజయరాణి గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది.

టైటస్ అద్దంలోంచి ఆమెను చూస్తూ కూచున్నాడు. ఏడుపు కాస్త తగ్గాక అడిగాడు.

"రాణీ, నా పేరు మీద ఇంకేమన్నా మొక్కులున్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పెయ్."

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఒకటుంది. మీకు ఎనభయ్యో ఏడు రాగానే ఇదే దారిన మళ్ళీ నడుస్తారని."

టైటస్ కళ్ళు మూసుకున్నాడు. కానివ్వండి అని పెద్దాయనకి తెలుగులోనే చెప్పి, తల వంచాడు.