పద్నాలుగు మెట్ల మీద టీ

ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్‌లో కొండ దిగువన హెప్‌టన్ వారి బొత్తాల గిడ్డంగి ఉండేది. దాని ఆఫీసులో ఇద్దరు స్నేహితులు ఎదురెదురు బల్లల దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నారు. రెండు కన్నాల బొత్తాల మీద వచ్చే ఫిర్యాదులకి డెస్మండ్ క్రౌథర్ జవాబు రాసేవాడు. నాలుగు కన్నాలవి క్లిఫర్డ్ సగ్డెన్ చూసేవాడు. నాలుగు కన్నాలున్నాయి కాబట్టి తన పని రెండింతలని క్లిఫర్డ్ నమ్మకం.

పొద్దున్నే డెస్మండ్ వచ్చి కిటికీ తెరిచేవాడు. క్లిఫర్డ్ వచ్చి మూసేవాడు.

"చచ్చిపోతున్నాన్రా, కాస్త గాలి రానీ."

"గాలి కావాలంటే కొండెక్కరా. ఈ చలికి పోగొట్టుకోలేను, నా మోకాళ్ళు నాక్కావాలి."

పదకొండింటికి టీ బండి వచ్చేది. దాన్ని తోసే మిసెస్ హాయిల్ ఆరేళ్ళ కిందట రిటైరై, మోర్‌కంబ్‌లో సముద్రం పక్కన ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. బండి మాత్రం రిటైర్ కాలేదు. ఆ మర్నాడు పదకొండింటికి వంటగదిలోంచి తనంతట తనే బయల్దేరి, ఎప్పట్లాగే బల్లబల్లకీ ఆగి, ఎవరి కప్పులో వాళ్ళకి కావలసినట్టు టీ పోసింది. డెస్మండ్ ఆకుపచ్చ కప్పులో మూడు చెంచాల పంచదార, క్లిఫర్డ్‌కి ముందు పాలు, తర్వాత టీ. ఆవిడ ఉన్నప్పుడు మనిషికి రెండు బిస్కట్లు వచ్చేవి, ఇప్పుడొకటే ఇస్తోందని కొందరు సణిగారు. అంతకు మించి ఆ విషయం ఎవరూ మాట్లాడుకోలేదు. ఒక చక్రం కీచుమంటే గోదాంలో పనిచేస్తూ ఉత్తరాలు పంచే విల్ఫ్ నూనె వేసేవాడు.

బండి పైఅంతస్తుకి మాత్రం వెళ్ళేది కాదు. పద్నాలుగు మెట్లు ఎక్కడం దానికి చేతకాదు. పైన మేనేజర్ల గదుల్లో తివాచీ, తలుపుల మీద పేర్లు, మీట నొక్కితే ప్లాస్టిక్ గ్లాసులో గోధుమరంగు నీళ్ళు పోసే యంత్రం. పైకి వెళ్ళినవాళ్ళు కిందివాళ్ళకి 'మిస్టర్' అయిపోయేవాళ్ళు.

ఆ మార్చిలో డిప్యూటీ మేనేజర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. "ఎవడికొచ్చినా ఒకటే" అని ఇద్దరూ రోజుకి రెండుసార్లు అనుకునేవారు, దాన్ని ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు.

గురువారం నాడు గోధుమరంగు కవరు బయల్దేరింది. ఆ ఆఫీసులో ఎవరికి శుభం జరిగినా ఒక కార్డు కొని, కవర్లో పెట్టి, బల్లబల్లకీ తిప్పి సంతకాలు చేయిస్తారు. ఎవరి కోసమో వాళ్ళ దగ్గరికి తప్ప అందరి దగ్గరికీ వెళ్తుంది. తిప్పే బాధ్యత టైపిస్టు ఎనిడ్‌ది. ఆవిడ కవరు పట్టుకుని క్లిఫర్డ్ బల్ల దాకా వచ్చి, అతని మొహం చూసి, దగ్గినట్టు నటించి ముందుకెళ్ళిపోయింది.

క్లిఫర్డ్‌కి అర్థమైపోయింది. ఉద్యోగం తనదే! కాసేపటికి ఆ కవరు ఎదుటి బల్ల మీద, డెస్మండ్ ఉత్తరాల తట్టలో కనిపించింది. డెస్మండ్ కార్డుని సగం బయటికి లాగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాశాడు. రాసి ముక్కు చీదుకున్నాడు. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం క్లిఫర్డ్ కొత్త టై కొన్నాడు. శుక్రవారం పొద్దున తనే లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు.

"తెరిచే ఉంచుకోరా. ఇవాళ్టికి నీ ఇష్టం."

"ఒంట్లో బాగుందా నీకు?" అన్నాడు డెస్మండ్.

నాలుగింటికి మేనేజర్ పికర్స్‌గిల్ మెట్లు దిగి వచ్చి గొంతు సవరించుకున్నాడు. క్లిఫర్డ్ టై సర్దుకుని కుర్చీలోంచి సగం లేచాడు. "మిత్రులారా" అని కూడా అనేశాడు.

"మన కొత్త డిప్యూటీ మేనేజర్, మిస్టర్ డెస్మండ్ క్రౌథర్!" అన్నాడు పికర్స్‌గిల్.

జరిగిందేమిటంటే, క్లిఫర్డ్‌ని సంతకం అడగడానికి ఎనిడ్‌కి మనసొప్పలేదు. ఇక విల్ఫ్, అలవాటు కొద్దీ, ఆ కవర్ని ఉత్తరాలతో పాటు డెస్మండ్ తట్టలో పడేశాడు. క్లిఫర్డ్ దగ్గరికి కవరు వెళ్ళకపోవడం చూసిన డెస్మండ్, అది అతని కోసమే అనుకుని, తన కార్డు మీద తనే సంతకం పెట్టుకున్నాడు. ఆ సంగతి బయటపడగానే ఆఫీసంతా పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా క్లిఫర్డ్ నవ్వాడు. సగం లేచినవాడు చప్పట్లు కొట్టడానికే లేచినట్టు, పూర్తిగా లేచి కొట్టాడు.

ఇంటికెళ్ళి రాజీనామా రాశాడు. అతనికి పదవి రానందుకు కాదు బాధ. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదు. లీడ్స్‌లో జిప్పుల కంపెనీకి మనుషులు కావాలట. జిప్పులకి కన్నాలుండవు, ఫిర్యాదులు తక్కువ. రోజూ రైల్లో పోయి రావచ్చు.

సోమవారం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడు. డెస్మండ్ అప్పటికే పైగదికి మారిపోయాడు. టీ తాగి పైకెళ్ళి పికర్స్‌గిల్ చేతిలో పెట్టాలనుకున్నాడు. పదకొండింటికి బండి కీచుమంటూ వచ్చి ముందు అతని దగ్గరే ఆగింది. అతని టీ పోసింది. తర్వాత ఆకుపచ్చ కప్పులో మూడు చెంచాల పంచదార వేసి, టీ పోసి, అదీ అతని ముందే పెట్టింది. ఇక కదల్లేదు.

"ఏమిటయ్యా, మేం తాగొద్దా?" అంది ఎనిడ్.

"నన్నంటావేం? నేనేమైనా పట్టుకున్నానా దాన్ని?"

విల్ఫ్ ఆ కప్పు అందుకోబోయాడు. బండి అతని బొటనవేలు తొక్కింది. ఎనిడ్ కెటిల్ వంచింది. చుక్క రాలేదు. బండి మళ్ళీ క్లిఫర్డ్ మోకాలికి మెల్లగా తగిలింది.

"నాయనా క్లిఫర్డ్, ఆ కప్పు ఎవరిదో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఇక్కడ పదకొండు మందిమి గొంతులెండి చస్తున్నాం. మహానుభావుడివి, లే!" అంది ఎనిడ్.

క్లిఫర్డ్ లేచాడు. ఎలాగూ పైకి పోవలసినవాడే కదా. పద్నాలుగు మెట్లూ ఎక్కి, కొత్తగా పేరు రాసిన తలుపు భుజంతో తోశాడు.

"మీ టీ, మిస్టర్ క్రౌథర్."

డెస్మండ్ వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ, గోడ తప్ప ఏమీ లేవు.

"ఎవర్రా ఆయన? మా నాన్న చచ్చిపోయి పదేళ్ళయిందే."

క్లిఫర్డ్ చూసుకోకుండా కప్పు దించేసరికి కొత్త బల్ల మీద టీ ఒలికింది. కంగారుగా జేబులో దొరికిన కాగితంతో తుడిచాడు. తుడిచాక చూసుకున్నాడు, అది ఏ కాగితమో. ఉండ చేసి చెత్తబుట్టలో వేశాడు.

"ఏంటది?"

"ఏం లేదు. చిత్తుకాగితం."

డెస్మండ్ ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. "ఇక్కడ ఎవడూ మాట్లాడడు రా. పొద్దుట్నుంచీ కిటికీ తెరిచి కూర్చున్నా. మూసేవాడే లేడు." తర్వాత కార్డుని బల్ల మీద ముందుకి జరిపాడు. "నేను రాసింది నువ్వింకా చదవలేదు. అది నీకే కదా రాశాను."

అందులో ఇలా ఉంది: 'క్లిఫ్, నాకంటే నీకే తగిన ఉద్యోగం. నువ్వు పైకెళ్తే నాకేమీ తోచదు. డెస్.'

క్లిఫర్డ్ రెండుసార్లు చదివాడు. ఆ పక్కనే ఒక మూల ఖాళీగా ఉంది. ఎనిడ్ ఎవరినీ అక్కడ రాయనివ్వలేదట. క్లిఫర్డ్ కలం అడిగి తీసుకుని, చాలాసేపు ఆలోచించి రాశాడు: 'టీ చల్లారిపోతోంది, తాగు. క్లిఫ్.'

కింద బండి చక్రం కీచుమంటూ కదలడం ఇద్దరికీ వినిపించింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక డెస్మండ్ చెత్తబుట్టలోంచి ఆ తడి ఉండ విప్పి చూశాడు. సిరా అంతా అలుక్కుపోయింది. 'రాజీనామా' అన్న మాట, అడుగున సంతకం మాత్రం తెలుస్తున్నాయి. కాగితాన్ని మళ్ళీ ఉండ చేసి ఎక్కడిదక్కడే పడేశాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మర్నాడు పదకొండింటికి బండి క్లిఫర్డ్ ముందు ఒక పళ్ళెం పెట్టింది. రెండు కప్పులు, నాలుగు బిస్కట్లు. ఎనిడ్ ఆ బిస్కట్లు లెక్కపెట్టి, తన ఒక్క బిస్కట్టూ టీలో ముంచుకుంది. క్లిఫర్డ్ పైకెళ్ళేసరికి డెస్మండ్ బల్లకి ఎదురుగా, కింద నుంచి మోసుకొచ్చిన పాత కుర్చీ ఉంది. ఇరవై రెండేళ్ళు క్లిఫర్డ్ కూర్చుని అరగదీసిన కుర్చీ అది, ఆ పొద్దున వచ్చేసరికి తన బల్ల దగ్గర కనిపించక వెతుక్కున్నది.

"మరి కింద నేను దేని మీద కూర్చోను రా?"

"నాది ఖాళీగానే ఉందిగా. దాని మీద కూర్చో."

క్లిఫర్డ్ పళ్ళెం దించాడు. కూర్చోబోతూ ఆగి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కిటికీ మూసేశాడు.

"హమ్మయ్య" అన్నాడు డెస్మండ్.