పగుళ్ళ మీద గాజుపలకలు

పొద్దున్నే మా కళ్ళముందు ఇంజనీరు తలుపుకి నోటీసు అంటించాడు. "కూలిపోయే ప్రమాదం. సాయంత్రంలోగా ఖాళీ చేయవలెను."

కూలివాళ్ళం రెండేళ్ళు సున్నం నూరి నిలబెట్టిన పాతకాలపు మేడ కూలిపోతుందట! నలభై గదులూ బాగుచేసిన మాకే తక్కువ అద్దెకిస్తామన్నారు. పని పూర్తయ్యాక కంట్రాక్టరుకి అందులో హోటలు కనిపించింది. పిల్లాపాపలతో అందులోనే తలదాచుకుంటూ, మాటిచ్చిన గది అడిగితే మాకు పట్టిన గతి ఇదీ.

"రుజువు చూడండి" అంటూ ఇంజనీరు హాల్లోకి తీసుకెళ్ళాడు. పాతగోడలో పగులుంటే, దానికడ్డంగా సన్నని గాజుపలక అతికించి తేదీ వేస్తాం. గోడ కదిలితే గాజు చీలుతుంది. నిన్నటిదాకా బాగున్న హాలు పలక ఇవాళ ముక్కలై ఉంది.

అందరి తలలూ కప్పువైపు లేచాయి. పిల్లల్ని చంకనేసుకున్నారు. గేటు దగ్గర రెండు పోలీసు వ్యాన్లు.

"నా మోకాళ్ళకీ ఓ పలక అతికించండి, ఎంత కదులుతున్నాయో తేలుద్ది" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సున్నం నూరే అక్క గాజుకి ముఖం ఆనించి చూసింది.

"గోడ కదిలితే పగులు వెంట గీతలా చీలాలి. ఇక్కడ నడుమ గుంట, చుట్టూ సాలెగూడు. గోడకి సుత్తెక్కడిది సారూ?"

"నీకేం తెలుసే?"

"అతికించింది నేనేగా!"

ఇంజనీరు గేటువైపు చూశాడు. పోలీసులొచ్చి అక్కని రెక్కపట్టి లాక్కెళ్ళారు. అడ్డం వెళ్ళిన వడ్రంగి బాబాయి నుదురు పగిలింది.

"పోదాం పదండర్రా" అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ. "బతికుంటే ఏ చూరు కిందైనా..."

పోదామనే నాకూ ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నా.

వ్యాన్లోంచి అక్క అరిచింది: "మిగతా పలకలు బాగున్నాయి! వాటినీ పగలగొడతారు, చూసుకోండి!"

తలుపు మూసుకుంది.

బాబాయి నుదుటికి తువ్వాలు బిగించాడు. "పదండి" అన్నాడు. ఈసారి మెట్లవైపు తిరిగి.

ఒక్కో పలకకి ఒక్కో మనిషి కాపలా. వంటగదిలో ముసలమ్మ. మెట్లమీద రంగులేసే అన్నదమ్ములు. నడవాలో నేను, పలకకి వీపు ఆనించి.

"మేడ మనదిరా!" పైనుంచి బాబాయి.

"మెడలే వాళ్ళ చేతిలో ఉన్నాయి!" అన్నాన్నేను. ఎక్కడో ఒకరు నవ్వారు, ఏడుపులాగా.

బూట్ల చప్పుడు దగ్గరైంది. సుత్తి పట్టుకున్నవాడు నా ఎదురుగా ఆగాడు. వీపుకి గాజు చల్లగా తగులుతోంది. వణుకుతున్నది నేనే. గోడ కదల్లేదు.