నువ్వుగింజంత మచ్చ

గుండయ్య రోడ్డు చెప్పులు గడప బయటే విడిచి, మందునీళ్ల పళ్లెంలో కాళ్లు ముంచి, లోపలి రబ్బరు చెప్పులు తొడుక్కున్నాడు. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో నవాబుల కాలంనాటి పాత దేవిడీ భవంతి వెనకున్న ఆ పరిశోధన కేంద్రం చల్లగదిలో ముప్పై ఏళ్లుగా అతనిది ఒకటే పని. కొత్తరకం ఆలుగడ్డ మొక్కల మీద ఆకుమాడు తెగులు నీళ్లు చల్లడం, వారం తర్వాత చచ్చినవాటిని ఏరి కాల్చడం. బతికినదాన్ని కొండల మీది రైతులకు పంపాలి. బతికితే కదా! అందుకే ఆఫీసువాళ్లు అతన్ని యమధర్మరాజు అంటారు. పొట్టి మనిషి, చెవుల మీద తెల్ల వెంట్రుకలు, పసరు పట్టిన బొటనవేళ్లు. యముడికి ఇంత అమాయకపు మొహం ఎక్కడిది?

యముడికి ఇవాళే ఆఖరి డ్యూటీ. కుండీలకు ఇవాళే ఏడో రోజు.

తెగులు టమాటాకూ సోకుతుందని, బట్టలతో అటూ ఇటూ మోసుకెళ్తానేమోనని, యాకుత్‌పురా ఇంట్లో అతను ఒక్క టమాటా మొక్కనూ పెట్టనివ్వలేదు. పొద్దున బయల్దేరుతుంటే భార్య సక్కుబాయి వేలు చూపించి మరీ చెప్పింది. "గీ నౌకరి నాకు సవతి లెక్కనే ఉండె. రేపటి సంది నా టమాటకు అడ్డమొస్తే ఊకోను!"

లోపల ఇరవై మూడు మొక్కలు నల్లబడి వాలిపోయాయి. నిలబడింది పందొమ్మిదో కుండీ ఒక్కటే. దాని ఆకు మీదా నిన్న నువ్వుగింజంత మచ్చ కనిపించింది. గుండయ్యకు రాత్రి అన్నం సయించలేదు. నువ్వుగింజ తెల్లారేసరికి రూపాయి బిళ్లంత కావడం అతను వెయ్యిసార్లు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని వంగాడు. నువ్వుగింజంతే ఉంది. ఆకు తిరగేశాడు. తెగులు పాకుతుంటే అడుగున కనిపించే తెల్ల బూజు లేదు.

"మేడం! జర జల్ది రాండ్రి!"

కేంద్రం శాస్త్రవేత్త బిందుమాధవి మేడం వచ్చి భూతద్దంతో చాలాసేపు చూసింది. "తెగులు సోకింది గుండయ్యగారూ. ఆకు దాన్ని అక్కడే ఆపేసింది. ఇక కొండల మీద నాటి చూడొచ్చండీ!"

"గట్టిపిండం మేడం! గింత మచ్చకు నేను మస్తు ఫికర్ పడ్డ." గుండయ్య నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లు చంపిన చేతులకు ఒక్క బతుకు దక్కింది, అతనికి అది చాలు.

సాయంత్రం శాలువా కప్పారు, మిఠాయి పెట్టారు. ఐదింటికి పందొమ్మిదో కుండీకి నీళ్లు పోసి గడప దాటాడు. వీధిలో ఆటో ఆపాడు.

"గుడిమల్కాపూర్ ఆతే క్యా భాయ్? టమాట నారు కొనాలె."

చల్లగది గడప లోపల, మడమల దగ్గర అరిగి పలచబడిన రబ్బరు చెప్పుల జత పందొమ్మిదో కుండీ వైపు తిరిగి ఉంది.