లింగమూర్తి సేటు బనీన్లు

ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు నడిపే లింగమూర్తి సేటుకు కబడ్డీ గురించి ఓనమాలు కూడా తెలియవు. ఎవరు ఔటయ్యారో పక్కవాణ్ని అడిగి మరీ చప్పట్లు కొట్టేవాడు. అలాంటి మనిషి దసరా పోటీలకు మిల్లు జట్టుకు బనీన్లు ఇప్పిస్తానంటే, కెప్టెన్ రాయమల్లుకు నవ్వొచ్చింది.

"వీపు మీద నంబర్లు ఏయించుండ్రి సేటూ, చాలు," అన్నాడు.

"నంబర్ ఎవడు చూస్తడురా? పేరు చూస్తరు గని."

ఎవరి పేరో అడగాల్సిన పని లేదు. దాన్ని అచ్చు వేసే పని సేటు తన బామ్మర్ది రామచంద్రానికి అప్పజెప్పాడు. అతను నాగపూర్‌లో నాలుగు రోజులుండి స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకున్నానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. చట్రానికి పలచటి గుడ్డ బిగించి, దాని మీద రంగు పోసి రబ్బరు పట్టీతో లాగితే, కిందనున్న బట్ట మీద అక్షరాలు పడతాయి. బట్టలకు వేసే రంగు తెప్పించే ఓపిక లేక, ఆ మహానుభావుడు దుకాణాల బోర్డుల రంగే వాడేశాడు. మెడ నుంచి బొడ్డు దాకా ఎర్రగా 'లింగమూర్తి మిల్లు'. ఆరేసరికి బనీను రొమ్ముకు రేకు కట్టినట్టయింది.

"ఊపిరాడ్తలేదు సేటూ," అన్నాడు బుచ్చిరాములు. జట్టులో అతన్ని మించి కూత పెట్టేవాడు లేడు.

"కొత్త బట్ట గట్లనే ఉంటది," అన్నాడు రామచంద్రం. తను మాత్రం పలచటి లాల్చీలో హాయిగా ఉన్నాడు.

సేటును మధ్యలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. రాయమల్లు నోరు మూసుకుని పక్కన నిలబడ్డాడు. అలా నిలబడ్డందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఖానాపూర్ జట్టుతో ఆట మొదలైంది. బుచ్చిరాములు కూతకు వెళ్తే నలుగురు మీద పడ్డారు. ఒకడు బనీను పట్టి గుంజాడు. బట్ట సాగింది, రంగు సాగలేదు. అక్షరాలు పెళ్లలు పెళ్లలుగా రాలాయి. బుచ్చిరాములు భుజం పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు.

సేటు కుర్చీలోంచి లేచి ఉరికొచ్చాడు. వంగి చూసింది బుచ్చిరాములు ముఖం కాదు, బనీను.

"గుంజొద్దని చెప్పరాదురా! నా పేరంత పల్గిపాయె!"

రాయమల్లు తన బనీను విప్పి సేటు చేతిలో పెట్టాడు.

"తీస్కోండ్రి. మీ పేరు మీరే తొడుక్కోండ్రి."

"మిల్లు మొఖం మళ్ల చూడవా ఏందిరా?"

"పని ఏ మిల్లుల్నైన దొర్కుతది సేటూ. గిసొంటి బనీను మీ తాన తప్ప ఎక్కడ దొర్కది."

చూస్తున్న జనం గొల్లున నవ్వారు. మిగతావాళ్లు కూడా బనీన్లు విప్పి సేటు కాళ్ల దగ్గర కుప్ప పోశారు. ఒట్టి ఒంటితో, ఒక మనిషి తక్కువతో ఆడి ఓడిపోయారు.

ఆటయ్యేదాకా ఓ పక్కన నొప్పితో కళ్లు మూసుకుని పడున్న బుచ్చిరాములును సైకిలెక్కించుకుని రాయమల్లు కట్లు కట్టే వైద్యుడి దగ్గరికి బయలుదేరాడు. పని పోయినట్టేనని అతనికి తెలుసు. అయినా పొద్దుటి నుంచి ఇప్పుడే గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

"గెల్చినమానే?" మూలుగుతూ అడిగాడు బుచ్చిరాములు.

"ఓడినం."

"మంచిగైంది తియ్యి. గెలుస్తే ఆనితోని ఇంకో ఫొటో దిగాల్సొచ్చు."