గిటారుకు ఎదురుగా

ఆ గిటారును కోడలు ఎవరి చేతికీ ఇవ్వదు. దుమ్ము తుడుస్తానని మొగుడు వచ్చినా గుడ్డ లాక్కుని తనే తుడుచుకుంటుంది. వాళ్ళ నాన్న బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగి. బతుకు మొత్తానికి ఒకే ఒక్క గిటారు చేశాడు, కూతురి ఒళ్ళో పెట్టాడు, ఆ తర్వాత ఎంతోకాలం ఉండలేదు. అలాంటి వస్తువును కళ్ళలో పెట్టుకుని చూసుకుంటే ఎవరు మాత్రం తప్పు పడతారు?

అత్తగారు పట్టేది. కనీసం కోడలు అలాగే అనుకునేది. గది తలుపు వేసుకుని వాయించుకుంటుంటే, సరిగ్గా పాట ఊపందుకునే వేళకి ఆవిడ వచ్చి తలుపు బార్లా తీసి, "గాలాడొద్దూ?" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. లేచి మళ్ళీ వేద్దామంటే ఒళ్ళో గిటారాయె. పళ్ళు నూరుకోవడం తప్ప కోడలు చేయగలిగింది లేదు. రోజూ ఇదే భాగోతం.

ఇప్పుడు దీనికి తోడు ఇంకో తంటా వచ్చిపడింది. శనివారం పెద్ద హాల్లో కచేరీ. ఆమె వాయించే బృందాన్ని నడిపే పెద్దమనిషి మొహమాటం లేకుండా చెప్పేశాడు. "మీ గిటారు ముందు మైకు పెడితే అందులోకి డ్రమ్ముల మోతే దూరుతోందమ్మా. లోపల పికప్ పెట్టించండి, గిటారు మోతని అదే నేరుగా స్పీకరుకి అందిస్తుంది. కుదరదంటే నా గిటారు ఇస్తా, దాంతో కానిచ్చేద్దాం."

నాన్న గిటారును ఇంట్లో వదిలేసి స్టేజీ ఎక్కడమా! ఆ మాటకే ఆమెకి అన్నం సయించలేదు. పోనీ పికప్ పెట్టిద్దామంటే, వైరు బయటికి రావడానికి గిటారు అడుగున డ్రిల్లుతో కన్నం పెట్టాలి. ఒకసారి పెట్టాక అది పూడేది కాదు. అంతా చేసి, చివరికి ఎవరిదో గొంతు వస్తే?

గిటార్లు బాగుచేసే ఆయన్ని ఊరంతా డాక్టరు అంటారు. గిటారు కడుపులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని తడిమి రోగం చెబుతాడు. ఆయన కొట్టున్న వీధిలోనే కళ్ళజోళ్ళ షాపుంది. వదులైన కళ్ళజోడు బిగింపించుకోవాలంటూ అత్తగారు కూడా బయల్దేరింది. కోడలు మొహం మాడ్చుకుని వెంట తీసుకెళ్ళింది.

"డ్రిల్లు సంగతి ఆఖర్న," అన్నాడు డాక్టరు. "ముందు ఒక్కో పికప్‌నీ అద్దెకుంచుదాం. నచ్చినదానికే ఇల్లు రాసిద్దాం." వైరుని గిటారు నోట్లోంచే, అంటే తీగల కిందుండే గుండ్రటి కన్నంలోంచే, బయటికి లాగి, గది అవతలి చివర స్పీకరుకి తగిలించాడు. దాని పక్కన బెంచీ మీద అత్తగారు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదటి పికప్ గిటారు నోటికి అడ్డంగా బిగించే పట్టీ. కోడలు వాయించింది. తీగలు మోగాయి గానీ చెక్క మాట్లాడలేదు. రెండోది తీగల కిందుండే ఎముక ముక్క అడుగున దూర్చే సన్నటి రిబ్బను. దాంట్లో ప్రతి స్వరమూ గాజు గీకినట్టు వచ్చింది. మూడోసారి డాక్టరు చొక్కా గుండీలంత బిళ్ళలు మూడు తీసి, మెత్తటి జిగురుముద్దతో లోపలి చెక్కకి అంటించాడు. వాటిని అటు జరిపి, ఇటు జరిపి, వేలితో కొట్టి విని, మళ్ళీ జరిపాడు.

కోడలు వాయించి తల అడ్డంగా ఊపింది. "ఇదీ కాదండీ. నా ఒళ్ళో మోగేది వేరు, ఆ పెట్టెలోంచి వచ్చేది వేరు."

"అదేంటే అమ్మాయ్," అంది బెంచీ మీంచి అత్తగారు, "రోజూ వంటింట్లోకి వినపడేది ఇదేగా!"

"మీకు తెలీదు అత్తయ్యా, ఊరుకోండి."

డాక్టరు మాత్రం ఊరుకోలేదు. ఆవిడ వంకా, కోడలి వంకా చూశాడు. "అమ్మా, మీ గిటారు ఎదురుగా కూర్చుని మీరెప్పుడైనా విన్నారా?"

ఎప్పుడు వింటుంది? ఎవరి చేతికైనా ఇస్తే కదా! ఇన్నేళ్ళూ గడ్డం కింద మోగినదే గిటారు గొంతనుకుంది.

"ఒక్కసారి ఇటివ్వండి. మీరెళ్ళి అక్కడ కూర్చోండి."

ఇవ్వడానికి ఆమెకి చేతులు రాలేదు. ఇచ్చింది. ఇచ్చాక ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అత్తగారి సంచీ పట్టుకుని కూర్చుంది.

"మీరు వాయించే పాట నాకు రాదే," అన్నాడు డాక్టరు.

అత్తగారు సన్నగా కూనిరాగం మొదలెట్టింది. కోడలు తనంతట తను కట్టుకున్న వరస అది, ఎవరికీ నేర్పింది కాదు. ఆవిడ పొల్లుపోకుండా పాడుతోంది. కోడలి వేళ్ళు రోజూ తడబడే చోటికి రాగానే ఆ గొంతు కూడా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. అయితే ఆవిడ రోజూ తలుపు తీసేది దీనికోసమా!

డాక్టరు ఆ గొంతు వెంటే తీగలు మీటాడు. ముందు స్పీకరు కట్టేసి, ఉత్త గిటారు. దాని కడుపులోంచి లేచిన నాదం గది నిండా పరుచుకుని వచ్చి ఆమెని తాకింది. ఇంత లోతుందా దీనికి? ఇంత చల్లగా ఉంటుందా? తను నాన్న షెడ్డులో వాయిస్తుంటే, ఆయన గరుకు కాగితం చేత్తో పట్టుకుని అవతలి గోడ దాకా వెళ్ళి నిలబడి, "ఏదీ, ఇంకోసారి," అనేవాడు. వచ్చి లోపల రవ్వంత రుద్ది మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళేవాడు. ఆయన అక్కడినుంచి విన్నది ఇదన్నమాట! ఎదుట కూర్చునేవాళ్ళ కోసం చేసిన గిటారిది. ఆమెకి కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

డాక్టరు స్పీకరు కలిపి మళ్ళీ మీటాడు. అదే గొంతు. ఏమీ మారలేదు, పెద్దదయ్యిందంతే.

"బిళ్ళలు ఇక్కడే ఉంచెయ్యనా?" అన్నాడాయన డ్రిల్లు అందుకుంటూ.

"మా అత్తయ్యని అడగండి," అంది కోడలు.

"ఉంచెయ్యి బాబూ," అంది అత్తగారు. డ్రిల్లు దిగుతుంటే కోడలు అత్తగారి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కళ్ళజోడు సంగతి ఇద్దరూ మర్చిపోయి ఇంటికొచ్చారు. సాయంత్రం కోడలు గదిలోకెళ్ళి, తలుపు బార్లా తీసి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇవాళ తలుపు వేసుకోలేదేం?" అంది వంటింట్లోంచి అత్తగారు.

"గాలాడొద్దూ?" అంది కోడలు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె తీగల మీద చెయ్యి వేసింది.